రన్నింగ్ బ్యాక్ కెరీర్ పట్టికను చదవడం ఎలా?

ఆగస్టు వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో ఫాంటసీ ఫుట్‌బాల్ గోల మొదలవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే నిజం ఆటగాళ్లను ఎంచుకుని ఊహా జట్లు కట్టి, మైదానంలో వాళ్లు సాధించే అంకెలతో పోటీపడే పందెం అది. "అందరూ ఆడుతుంటే మనమెందుకు ఊరుకోవాలి" అని మనవాళ్లూ ఇరవై డాలర్లు కట్టి చేరిపోతారు. అసలు టెన్షన్ ఆటగాళ్లను ఎంచుకునే రోజున. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు ఎలాగోలా చెవిన పడి ఉంటాయి. బోల్తా పడేది బంతి ఎత్తుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ దగ్గరే. కిందటేడు ఇరగదీసినవాణ్ణి మొదటి రౌండులోనే ఎగబడి తీసుకుంటారు. అక్టోబరు కల్లా అతను మోకాలికి పట్టీ వేసుకుని మైదానం పక్కన నిలబడి ఉంటాడు.

మా బామ్మర్ది ఈ మధ్యే హైదరాబాద్ నుంచి వచ్చి ఇలాంటి లీగులో ఇరుక్కున్నాడు. "బావా, ఒక్క పేరు చెప్పు చాలు" అన్నాడు. పేరు చెప్తే ఆ ఏడాదికే పనికొస్తుంది, అదీ అదృష్టం బాగుంటే. అందుకని ఒక ఆటగాడి పట్టిక తెరిచి, పై వరస నుంచి కింది వరస దాకా చదివించాను. మీకూ అదే చెప్తాను. నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. చేసేది కార్ల ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. డాలస్ కౌబాయ్స్ జట్టు మీద అభిమానం, ఎవరు చూపించిన అంకె మీదైనా అనుమానం, రెండూ అలా అంటుకున్నవే.

ఎమిట్ స్మిత్ పట్టిక తెరవండి

ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్ల గణాంకాలు ఎవరివైనా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొత్తగా చదివేవాళ్లు ఇప్పుడు ఆడుతున్నవాళ్ల జోలికి వెళ్లొద్దు, కథ సగంలో ఉంటుంది. ముగిసిపోయిన కెరీర్ కావాలి, అదీ పొడుగైనది. ఎక్కువ కాలం డాలస్‌కు ఆడిన రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్‌ది 1990 నుంచి 2004 దాకా 15 సీజన్లు. మొత్తం 18,355 యార్డులు పరుగెత్తాడు, ఆ రికార్డు ఇంకా ఎవరూ దాటలేదు. 21 ఏళ్ల కుర్రాడిగా మొదలుపెట్టి 35 ఏళ్ల వయసులో ఆపాడు కాబట్టి, రన్నింగ్ బ్యాక్ జీవితంలో వచ్చే దశలన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి, వాటిలో పది యార్డులు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు. క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరొచ్చు, లేదా వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. పెట్టాక అతను ఎదుటి జట్టు పదకొండు మందిలోకి దూరాలి. గోల్ గీత దాటితేనో, పక్క గీత బయటికి పోతేనో తప్ప, ప్రతిసారీ చివర్లో ఎవరో ఒకరు అతన్ని నేలకేసి కొడతారు. ఆ కొట్టేవాళ్లలో నూటపాతిక కిలోలు దాటినవాళ్లు కూడా ఉంటారు.

పట్టికలో అందరి కళ్లూ యార్డుల గడి మీదికే పోతాయి. మీరు ముందు బంతి ఎన్నిసార్లు ఎత్తుకున్నాడన్న గడి చూడండి. పట్టికలో అటెంప్ట్స్ అని ఉంటుంది, మాటల్లో క్యారీలు అంటారు. నా ఉద్యోగంలో పాత కారుకు విలువ కట్టాలంటే, మోడల్ ఏ ఏడాదిదన్నది తర్వాత, ముందు మీటరు ఎన్ని మైళ్లు చూపిస్తుందో చూస్తాం. క్యారీల గడి ఆ మీటరే. స్మిత్ మీటరు 4,409 దగ్గర ఆగింది. రెండో స్థానంలో ఉన్న వాల్టర్ పేటన్‌ది 3,838. నాలుగు వేలు దాటినవాడు స్మిత్ ఒక్కడే.

ప్లేఆఫ్‌లు, అంటే సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ మ్యాచులు, ఈ మొత్తంలో కలవవు. పేజీ కిందికి జరిపితే వేరే పట్టిక ఉంటుంది, చాలామంది అక్కడిదాకా వెళ్లరు. స్మిత్ ప్లేఆఫ్‌ల్లో ఇంకో 349 సార్లు బంతి ఎత్తుకుని 1,586 యార్డులు తీశాడు. దెబ్బ తినే ఒంటికి అది మామూలు మ్యాచో ప్లేఆఫో తెలియదు. రెండూ కూడి చూడండి.

మొదటి వరస

1990: 241 క్యారీలు, 937 యార్డులు. మంచి ఆరంభమే, అద్భుతమేమీ కాదు. ఈ వరస చదివేటప్పుడు పక్కన ఇంకో అంకె పెట్టుకోవాలి: డ్రాఫ్ట్‌లో ఎన్నో వంతులో వచ్చాడు? కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. హైస్కూలు అయ్యాక మూడేళ్లు గడిస్తే తప్ప అర్హత రాదు. స్మిత్ పొట్టి, పెద్ద వేగం లేదు అని అప్పట్లో పెదవి విరిచినవాళ్లున్నారు. డాలస్ మాత్రం పిట్స్‌బర్గ్‌తో బేరం కుదుర్చుకుని, 21వ వంతు నుంచి 17కు జరిగి మరీ అతన్ని తీసుకుంది.

వంతు ఎందుకు చూడాలంటే, ఎంత పైన తీసుకుంటే జట్టు అంత ఓపిక పడుతుంది. కింద వచ్చినవాడికి ఆ ఓపిక దొరకదు. టెరెల్ డేవిస్ 1995లో ఆరో రౌండులో 196వ వాడిగా డెన్వర్‌కు వచ్చాడు. జట్టులో ఉంచుతారన్న ఆశ అతనికే లేదు. సీజన్‌కు ముందు టోక్యోలో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ జరిగింది. అక్కడ కిక్ తర్వాత బంతి పట్టుకుని వస్తున్న ప్రత్యర్థికి ఎదురెళ్లి, చూసినవాళ్లు అదిరిపడేలా పడగొట్టాడు. కోచ్‌ల కంట్లో పడింది పరుగుతో కాదు, ఆ దెబ్బతో. ఆ ఏడాదే 1,117 యార్డులు తీశాడు. అందుకే ఆరో రౌండు, ఏడో రౌండు కుర్రాళ్ల గురించి ఆగస్టు వార్తల్లో చదివేటప్పుడు, కిక్ టీముల్లో ఎవరిని దింపుతున్నారో చూడండి. ఉద్యోగం నిలిచేది ముందు అక్కడ.

సగటు గడి అతనొక్కడిదే కాదు

ఒక్కో క్యారీకి ఎన్ని యార్డులు వచ్చాయన్నది ఇంకో గడి. నాలుగు దాటితే ఫర్వాలేదు, ఐదు అంటే చాలా గొప్ప. స్మిత్‌కు 1993లో 5.3, 1994లో 4.0. పాతికేళ్ల వయసులో ఒక్క ఏడాదికే కాళ్లు అరిగిపోయాయా? పోలేదు, 1995లో మళ్లీ 4.7. మధ్యలో జరిగింది వేరు. రన్నింగ్ బ్యాక్‌కు ముందు నిలబడి దారి చేసే ఐదుగురి లైన్‌లో కుడి చివర కాపు కాసే ఎరిక్ విలియమ్స్ 1994 అక్టోబరులో కారు ప్రమాదంలో గాయపడి మిగతా సీజన్ అంతా ఆడలేకపోయాడు. స్మిత్ తొడ కండరం కూడా ఇబ్బంది పెట్టింది. సగటు పడిపోగానే "అయిపోయాడు" అనేవాళ్లు ఈ రెండు వరసలు చదవాలి.

ఇది పట్టికలో కనిపించదు, ఆట చూసి తెలుసుకోవాల్సిందే. టీవీలో చూసేటప్పుడు కాసేపు బంతిని వదిలేయండి. మధ్యలో బంతి మీద చెయ్యి పెట్టి వంగి ఉన్నవాడు సెంటర్. అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ల అవతల టాకిల్స్. ఒక్క గార్డును ఎంచుకుని నాలుగైదు ఆటలు అతన్నే చూడండి. అతను ఎదుటివాణ్ణి ఎటు నెడితే రన్నింగ్ బ్యాక్ దారి అటే.

నైంటీస్‌లో కౌబాయ్స్‌కు కూడూ గుడ్డా పెట్టిన ఆట లీడ్ డ్రా. పాత వీడియోలు బోలెడున్నాయి, మెల్లగా నడిపించి చూడండి. క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్ బంతి అందుకుని, విసరబోతున్నట్టే వెనక్కి అడుగులేస్తాడు. లైన్‌లోవాళ్లు కూడా పాస్‌కు కాపు కాస్తున్నట్టు పైకి లేస్తారు. ఎదుటి జట్టు లైన్ ఎయిక్‌మన్ మీదికి ఎగబడుతుంది. వాళ్ల వెనకున్న లైన్‌బ్యాకర్లు పాస్ వస్తుందనుకుని ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ అడుగు కోసమే ఈ నాటకమంతా. బంతి స్మిత్ పొట్టలో పడుతుంది. అతని ముందు ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్ దూసుకెళ్లి లైన్‌బ్యాకర్‌ను గుద్దుతాడు. అప్పుడు స్మిత్ ఏం చేస్తాడో చూడండి: వేగం పెంచడు, తగ్గిస్తాడు. ఆ లైన్‌బ్యాకర్ ఎటు ఒరిగాడో కనిపించేదాకా చిన్న చిన్న అడుగులు వేసి, రెండో పక్క నుంచి జారిపోతాడు. పదహారు మ్యాచుల్లో ఇదే ఆట అదే పనిగా ఆడించేవాళ్లు. ఏం రాబోతోందో తెలిసినా ఎదుటివాళ్లు ఆపలేకపోయేవారు. మూస్ అని అభిమానులు ముద్దుగా పిలుచుకున్న జాన్‌స్టన్ పట్టిక తెరిస్తే మాత్రం యార్డులు పెద్దగా ఏమీ ఉండవు. అతని ఆట 1999లో మెడ గాయంతో ముగిసింది. ఎన్ని తలలు గుద్దాడన్న గడి ఏ పట్టికలోనూ లేదు.

అందుకే ఎవరైనా జట్టు మారారంటే ముందు కొత్త జట్టు లైన్ ఎలా ఉందో చూడండి. డాలస్‌లో 2014లో 1,845 యార్డులు తీసిన డిమార్కో మర్రీ మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు వెళ్లి 702 దగ్గర ఆగాడు. అదే ఫిలడెల్ఫియాకు 2024లో న్యూయార్క్ నుంచి వచ్చిన సాక్వాన్ బార్క్లీ 2,005 కొట్టాడు.

మ్యాచుల గడిలో 14 ఉంటే

స్మిత్ 1993 వరసలో ఆడిన మ్యాచులు 16 కాదు, 14. గాయం అనుకుంటారు. కాదు, జీతం. అంతకుముందు రెండేళ్లూ లీగులో అందరికన్నా ఎక్కువ యార్డులు అతనివే, జట్టు అప్పుడే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది. ఒప్పందం తేలేదాకా రానని ఇంట్లో కూర్చున్నాడు. కౌబాయ్స్ మొదటి రెండు మ్యాచులూ ఓడిపోయారు. వెంటనే నాలుగేళ్లకు 1.36 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. వచ్చాక రెండు మ్యాచులు తక్కువ ఆడి కూడా యార్డుల్లో మళ్లీ అతనే మొదటివాడు, లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అతనే, సూపర్ బౌల్ ఎంవీపీ కూడా అతనే.

ఇప్పటి కుర్రాళ్లకు ఆ బేరం అంత తేలిక కాదు. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి మొదటి ఒప్పందం నాలుగేళ్లు. మొదటి రౌండువాడైతే ఐదో ఏడాది కూడా ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. ఆ తర్వాత ఫ్రాంచైజ్ ట్యాగ్ అనేది ఒకటుంది: జట్టు ఒక ఆటగాణ్ణి బయటికి పోనివ్వకుండా, ఒక్క ఏడాదికి లెక్క ప్రకారం వచ్చే జీతమిచ్చి ఆపేయొచ్చు. లెక్క వేసుకోండి. 21, 22 ఏళ్లకు వచ్చినవాడు స్వేచ్ఛగా బేరమాడేసరికి 27, 28. మీటరులో మంచి మైళ్లన్నీ అప్పటికే తిరిగిపోయాయి. మిగతా స్థానాలవాళ్లకు అసలు సంపాదన మొదలయ్యే వయసు అది. రన్నింగ్ బ్యాక్‌కు తలుపు మూసుకునే వయసు. నా ఉద్దేశంలో ఈ ఆటలో ఇంతకన్నా అన్యాయమైన ఏర్పాటు లేదు. పిట్స్‌బర్గ్‌లో లెవియాన్ బెల్ ఇది నచ్చక 2018 సీజన్ మొత్తం ఆడలేదు, ట్యాగ్ కింద వచ్చే 1.45 కోట్ల డాలర్లు వదులుకున్నాడు. తర్వాత వేరే జట్టులో మంచి ఒప్పందమే దొరికింది కానీ పాత ఆట మాత్రం తిరిగి రాలేదు.

ఒప్పందాల వార్తలు చదివేటప్పుడు పెద్ద అంకెను వదిలేసి, గ్యారంటీ ఎంత అన్నది వెతకండి. టాడ్ గర్లీకి 2018లో నాలుగేళ్ల పొడిగింపు 5.75 కోట్ల డాలర్లు, అందులో గ్యారంటీ 4.5 కోట్ల డాలర్లు. 2020 మార్చిలో అదే జట్టు అతన్ని వదిలేసింది. మోకాలు సహకరించలేదు. ఆఖరి మ్యాచ్ ఆడేనాటికి అతనికి 26 ఏళ్లు. కాగితం మీద ఇంకా నడవాల్సిన ఒప్పందం అది.

పట్టికలో ఇమడని మ్యాచ్

1994 జనవరి 2, న్యూయార్క్ జెయింట్స్ మైదానం, సీజన్‌లో ఆఖరి మ్యాచ్. గెలిచినవాళ్లకు డివిజన్‌లో (లీగులో తమ గ్రూపులో) మొదటి స్థానం దక్కుతుంది, ప్లేఆఫ్‌లలో ఒక వారం విశ్రాంతి కూడా దక్కుతుంది. మొదటి సగం చివర్లో స్మిత్ 46 యార్డుల పరుగు తీసి కృత్రిమ గడ్డి మీద భుజం ఆనేలా పడ్డాడు. కుడి భుజం కీలు విడిపోయింది. అతను బయటికి పోలేదు. భుజానికి అదనపు ప్యాడ్లు కట్టించుకుని, ఎడమ చేత్తో బంతి పట్టుకుంటూ మ్యాచ్ అంతా ఆడాడు. ఓవర్‌టైమ్‌లో డాలస్ 16-13తో గెలిచింది. ఆ రోజు 32 క్యారీలు, 168 యార్డులు, అవి చాలవన్నట్టు 10 క్యాచ్‌లు, 61 యార్డులు. పట్టికలో ఇదంతా 1993 వరసలో కలిసిపోయి ఉంటుంది. అందుకే పెద్ద కెరీర్ ఏది చదివినా, ఏడాది మీద నొక్కి మ్యాచ్‌లవారీ లెక్క ఒకసారి తెరవండి. ఆ వారం విశ్రాంతి దొరక్కపోతే ఆ భుజంతో తర్వాతి మూడు మ్యాచులు ఎలా ఆడేవాడో నాకైతే అర్థం కాదు.

బరువైన ఏడాది తర్వాతి ఏడాది

బామ్మర్దిలాంటివాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. క్యారీలు 370 దగ్గరికి వచ్చిన ఏడాది కనిపిస్తే దాని కింది వరస చదవండి. స్మిత్ 1995లో 377 సార్లు ఎత్తుకుని 1,773 యార్డులు, 25 టచ్‌డౌన్లు (బంతితో గోల్ గీత దాటడం) చేశాడు. 1996లో సగటు 3.7. డేవిస్ 1998లో 392, ప్లేఆఫ్‌లు కలిపితే 470. 2,008 యార్డులు, ఎంవీపీ, సూపర్ బౌల్. మరుసటి ఏడాది నాలుగో మ్యాచ్‌లో మోకాలు పోయింది, అదీ పరుగెత్తుతూ కాదు, ప్రత్యర్థి పట్టేసిన బంతి వెనక పడి పడగొట్టబోతూ. క్యాన్సస్ సిటీలో ల్యారీ జాన్సన్ 2006లో 416, అది ఇప్పటికీ ఒక సీజన్ రికార్డు. 2007లో పాదం విరిగి ఎనిమిది మ్యాచులతో సరి. ఇది శాపమని కొందరు, ఒట్టి యాదృచ్ఛికమని కొందరు వాదించుకుంటారు. డేవిస్ మోకాలి గాయం వేరే కారణంతోనూ జరిగి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఇరవై డాలర్లు పెట్టేటప్పుడు నేను అటువైపు పోను.

బార్క్లీ 2024లో 345, ప్లేఆఫ్‌ల్లో ఇంకో 91. ఎరిక్ డికర్సన్ 1984లో పెట్టిన 2,105 రికార్డుకు వంద యార్డుల దూరంలో ఉండగా ఆఖరి మ్యాచ్‌కు జట్టు అతన్ని కూర్చోబెట్టింది. రికార్డు పోయిందని అభిమానులు తల బాదుకున్నారు. తన 28వ పుట్టినరోజున సూపర్ బౌల్ గెలిచాడు కాబట్టి తప్పు పట్టలేం. అంత చేసినా, 5.8 ఉన్న సగటు మరుసటి ఏడాది బాగా దిగిపోయింది.

క్యాచ్‌ల గడి కూడా చూడండి, ముఖ్యంగా ఇప్పటివాళ్లకు. క్రిస్టియన్ మెకాఫ్రీ 2019లో పరుగుల్లో వెయ్యి, క్యాచ్‌ల్లో వెయ్యి యార్డులు చేశాడు. ఇక క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాణ్ణి అడ్డుకోవడం ఏ గడిలోనూ ఉండదు. అది రానివాణ్ణి మూడో అవకాశంలో మైదానంలో ఉంచరు. కొత్త కుర్రాడు ఎంత బాగా పరుగెత్తినా సగం ఆట బెంచీ మీద ఎందుకుంటాడని అడిగితే చాలాసార్లు జవాబు ఇదే.

కింది వరసలు

రన్నింగ్ బ్యాక్ సగటు కెరీర్ మూడేళ్లు కూడా ఉండదని తరచూ వింటుంటాం. ఆ సగటులో శిక్షణ శిబిరం దాటి ఏదో కొన్నాళ్లు ఉండి పోయినవాళ్లంతా ఉంటారు. మీ లీగులో ఎంచుకునేవాళ్లకు ఆ అంకె వర్తించదు. వాళ్లకు చూడాల్సింది 28 తర్వాతి వరసలు.

స్మిత్ 1991 నుంచి 2001 దాకా వరసగా 11 ఏళ్లు వెయ్యి దాటాడు. కానీ ఆ చివరి వెయ్యిలను జాగ్రత్తగా చూడండి: 2000లో 1,203, 2001లో 1,021, సగటు 4.1 నుంచి 3.9కి. వెయ్యి అనే గుండ్రని అంకె దిగుదలను దాచేస్తుంది. 2002 అక్టోబరు 27న పేటన్ రికార్డు 16,726 దాటింది ఇక్కడే, ఇర్వింగ్‌లోని టెక్సస్ స్టేడియంలో. ఆ స్టేడియాన్ని 2010లో కూల్చేశారు. ఆ సీజన్ 975తో ముగిసింది, తర్వాత డాలస్ అతన్ని వదిలేసింది. 2003లో అరిజోనా తరఫున అదే స్టేడియానికి వచ్చి 6 క్యారీలకు మైనస్ ఒక యార్డు చేశాడు, భుజం వెనక ఎముక విరిగింది. ఆ ఏడాది మొత్తం 90 క్యారీలు, సగటు 2.8. అక్కడితో ఆపేస్తాడనుకుంటే 2004లో 267 సార్లు ఎత్తుకుని 937 యార్డులు తీశాడు.

ఈ పట్టిక అయ్యాక ఇంకో మూడు చదవండి, నేను చెప్పే క్రమంలోనే. మొదట డేవిస్: ఏడు వరసలే, అందులో నాలుగు మాత్రమే నిండుగా ఉంటాయి. అయినా 2017లో మేటి ఆటగాళ్లకు గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. తర్వాత బ్యారీ శాండర్స్: పది వరసలు, సగటు 5.0. పేటన్ రికార్డుకు 1,457 యార్డుల దూరంలో ఉండగా, 1999లో తన సొంతూరు విచిటా పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. కాబట్టి ఆ పట్టికలో దిగుదల కోసం వెతకొద్దు. చివర్లో ఫ్రాంక్ గోర్: కాలేజీలోనే రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు, మూడో రౌండు, 65వ వంతు. అయినా 16 సీజన్లు ఆడి సరిగ్గా 16,000 యార్డులు. అతని క్యారీల గడి మీద వేలు పెట్టి కిందిదాకా రండి. అన్నిటికన్నా బరువైన ఏడాది 2006, అప్పుడు కూడా 312 మాత్రమే.